పెండ్లి కార్డులతో అడవి దారికి

శుక్రవారం సాయంత్రం ల్యాబ్‌లో ఆఖరి శాంపిల్ వివరాలు రిజిస్టర్‌లో రాసి చేతులు కడుక్కుంటున్నాను. నాతో పాటు పనిచేసే అమ్మాయి వచ్చి పక్కన నిలబడింది. ఆమె నోరు తెరవకముందే నాకు అర్థమైంది.

“అక్కా, నేను వస్తలేను. ఇంట్ల ఒప్పుకుంటలేరు.”

“నిన్నటిదాంక ఒప్పుకున్నరు గదనే?”

“రాత్రి ఆడనే ఉండాలెనని నేను చెప్పలే. ఇయ్యాల చెప్పిన.”

మూడు నెలలుగా అనుకుంటున్న ప్రయాణం అది. నేను పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీలో క్వాలిటీ ల్యాబ్‌లో పనిచేస్తాను. మా ప్లాంటులోనే ఫిట్టర్‌గా ఉన్న, భానూరు నుంచి వచ్చే అన్న, ఒకప్పుడు మా దగ్గర అప్రెంటిస్ చేసి ఇప్పుడు కందిలోని కాలేజీ క్యాంపస్‌లో టెక్నీషియన్‌గా కుదిరిన తమ్ముడు, ఈ ల్యాబ్ అమ్మాయి, నేను. నలుగురం రెండేళ్లుగా ఆదివారం పొద్దున్నే గేర్ల సైకిళ్లు తీసుకుని మట్టిదార్లు పట్టేవాళ్లం. ఈ పిచ్చి మాకు అంటించింది తమ్ముడే. తను కొత్త సైకిల్ కొనుక్కుని, లావు టైర్ల పాతది నాకు ఇచ్చాడు.

అన్న, తమ్ముడు అంటున్నాను కానీ మా ముగ్గురికీ ఎక్కడా చుట్టరికం లేదు. కంపెనీలో అలా పిలుచుకుని అలవాటైపోయింది.

ఏడాది తిరిగేసరికి మేము తొక్కే దార్లు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. మొన్నటిదాకా పొలంగట్టు ఉన్నచోట ప్రహరీ గోడ, దానికో ఇనుప గేటు. గేటు ముందు కుర్చీలో కూర్చున్న మనిషి దూరం నుంచే చేయి అడ్డంగా ఊపేవాడు. అప్పుడే తమ్ముడు నర్సాపూర్ అడవి సంగతి ఎత్తాడు. అక్కడ ఒక ఎర్రమట్టి దారి ఉందనీ, మూడు కిలోమీటర్లు ఏకంగా దిగుడేననీ, తొక్కాల్సిన పనే లేదనీ చెప్పి ఫోన్‌లో వీడియో చూపించాడు. టేకుచెట్ల మధ్య మలుపులు తిరుగుతూ దిగిపోతున్న ఆ దారిని నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అన్నం వండుతూ చూశాను. కంపెనీ బస్సులో నిద్ర ఆపుకుంటూ చూశాను.

శనివారం పొద్దున బయలుదేరి, పదింటికల్లా ఆ దారి దిగి, అడవి అవతలి ఊళ్లో అన్న వాళ్ల చెల్లెలి ఇంట్లో రాత్రి ఉండి, ఆదివారం తిరిగి రావాలి. బరువులు కూడా పంచుకున్నాం. పంపు, పంక్చరు సామాను తమ్ముడి దగ్గర. తిండి నా దగ్గర. మందుల డబ్బా అన్న దగ్గర.

ల్యాబ్ అమ్మాయి రావడం లేదని ఇంట్లో చెప్పాలా వద్దా అని బస్సు దిగేదాకా ఆలోచించాను. చెప్పేశాను. మా ఆయన ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు, ఆ వారం అతనికి డబుల్ డ్యూటీ. “అన్న ఉన్నడు గద, పో,” అని పడుకున్నాడు. బిడ్డను చూసుకోవడానికి ఊరి నుంచి వచ్చిన అత్తమ్మే పట్టుకుంది.

“సైకిల్ తొక్కనీకి రెండు రోజులా? ఈడ రోడ్డు లేదా?”

“ఈడ లారీలు ఉన్నయి అత్తమ్మా.”

“మరి ఇంట్ల కూసో. ఇంట్లకు లారీ రాదు.”

తెల్లవారి ఐదున్నరకు ఇస్నాపూర్ చౌరస్తాలో నిలబడ్డాను. షిఫ్టు దిగినవాళ్లు, షిఫ్టుకు పోయేవాళ్లు టీ బండి చుట్టూ మూగి ఉన్నారు. హెల్మెట్ పెట్టుకుని సైకిల్ పట్టుకున్న ఆడమనిషిని అందరూ తీరిగ్గా చూశారు. ఆరైంది. ఆరుంపావైంది. కందిలో ఎదురుచూస్తున్న తమ్ముడు రెండుసార్లు ఫోన్ చేశాడు. ఆరున్నరకు అన్న వచ్చాడు. వీపున ఉబ్బిపోయిన బ్యాగు, హ్యాండిల్‌కు ఇంకో సంచి.

“ఏందన్నా గంత సామాను?”

“కార్డులు చెల్లె. పెద్దబిడ్డ పెండ్లి గద. మనం పోయే తొవ్వలనే మనోళ్లు ఉన్నరు. మల్లొకసారి వచ్చుడెందుకని పట్టుకొచ్చిన.”

“మరి మందుల డబ్బా?”

“బ్యాగుల పట్టలే.”

నేను సైకిల్ ఎక్కాను. హైవే పక్క రోడ్డు మీద లారీల దుమ్ము తింటూ కందికి చేరేసరికి ఏడున్నర. తమ్ముడు క్యాంపస్ గోడ పక్కన సైకిల్ మీదే కూర్చుని ఉన్నాడు. దిగలేదు, పలకరించలేదు. “ఎండ ఎక్కితే అడవిల మజా ఉండదక్కా,” అని ముందుకు కదిలాడు. అతనితో మాకు ఎప్పుడూ ఉండే బాధే అది, ఆగడు. మేము చేరుకునేసరికి అతను విశ్రాంతి తీసుకోవడం అయిపోతుంది, మళ్లీ ఎక్కేస్తాడు. మాకు విశ్రాంతి ఉండదు.

సంగారెడ్డి దాటి పత్తిచేలు మొదలయ్యాక అన్న చేయెత్తాడు. “జెర ఆగుండ్రి. ఒక్కటే ఇల్లు. ఐదు నిమిషాలు.”

ఆ ఒక్క ఇంట్లో నలభై నిమిషాలు పట్టింది. బొట్టు పెట్టి కార్డు చేతికిచ్చి లేవడానికి వీల్లేదు కదా. పెండ్లికొడుకు ఏం చేస్తాడో చెప్పాలి, ఎవరి తరఫు వాళ్లో చెప్పాలి. ఆ ఇంటి ముసలమ్మ నా సైకిల్ చుట్టూ తిరిగి చూసి, “బండి ఖరాబైందా బిడ్డా?” అని జాలిపడింది. ఆ తర్వాత అసలు ప్రశ్న వచ్చింది. “ఈ బిడ్డ ఎవరు? ఇంటాయన రాలేదా?”

“మా కంపెనీల చేసే చెల్లె. బావ డ్యూటీకి పోయిండు,” అన్నాడు అన్న.

“మొగడు డ్యూటీల ఉంటే నువ్వు గిట్ల తిరుగుతున్నవా?” అని ఆమె నవ్వింది. నేను కూడా నవ్వాను. ఆ పూట అలాంటి నవ్వులు ఎన్ని నవ్వానో.

రెండో ఇల్లు పక్క ఊళ్లోనే. అన్నకు దూరపు పెదనాన్న వరసయ్యే పెద్దమనిషిది. కొత్తగా కట్టిన రెండంతస్తుల ఇల్లు, ముందు ట్రాక్టరు. పెద్దమనిషి అరుగు మీద మా ముగ్గురినీ కూర్చోబెట్టి వివరాలు అడిగాడు. తమ్ముడిని కూడా అడిగాడు. ఏ ఊరు, ఆ ఊళ్లో ఎవరింటివాళ్లు, తండ్రి పేరేమిటి అని. తమ్ముడు చెప్పాడు. పెద్దమనిషి తలాడించి, ఒకసారి లోపలికి వెళ్లొచ్చి, మళ్లీ పెండ్లి మాటల్లో పడ్డాడు. టీ వచ్చింది. నేను గోడ గడియారం చూస్తూ నా టీ తాగేశాను. తొమ్మిదిన్నర దాటుతోంది. తల తిప్పేసరికి తమ్ముడు లేచి బూట్లు వేసుకుంటున్నాడు. అతని టీ అరుగు మీద అలాగే ఉంది.

“నేను పోతున్న. అడవి గేటు కాడ ఉంట,” అన్నాడు.

“పది నిమిషాలు తమ్మీ,” అన్నాడు అన్న.

అతను వినిపించుకోలేదు. ట్రాక్టరు పక్క నుంచి సైకిల్ తీసి వెళ్లిపోయాడు. పెద్దలు మాట్లాడుతుంటే మధ్యలో లేచిపోయాడని నాకు తలకొట్టేసినట్టయింది. అదే సమయంలో నేను కూడా లేచి వెళ్లిపోతే ఎంత బాగుండునో అనిపించింది. కానీ తిండి నా దగ్గర ఉంది, అన్న ఒక్కడే అయిపోతాడు. అందుకని కూర్చున్నాను. ఆ తర్వాత ఇంకో మూడు ఇళ్లు.

అడవి గేటు చేరేసరికి పన్నెండు దాటింది. తమ్ముడు లేడు. ఫోన్ కలవదు. గేటు దగ్గర గడ్డి కోస్తున్న ఆమెను అడిగితే, “ఎర్ర అంగి పిలగాడా? ఎప్పుడో లోపలికి పాయె,” అంది. ఇంతలో అన్న సైకిల్ వెనక చక్రం చప్పుడు చేసింది. చూస్తే తుమ్మముల్లు, నా వేలంత ఉంది. గాలి మొత్తం దిగిపోయింది. పంపు, పంక్చరు సామాను లోపలికి పోయిన తమ్ముడి వీపున ఉన్నాయి.

ఇద్దరం చెట్టు కింద కూలబడ్డాం. అన్న తప్పు చేసినవాడిలా ముల్లును వేళ్ల మధ్య తిప్పుతున్నాడు. నాకు ఎవరిని తిట్టాలో తెలియలేదు. రాని ల్యాబ్ అమ్మాయినా, ఆగని తమ్ముడినా, సంచిలో ఇంకా కార్డులు మిగిలి ఉన్న ఈ మనిషినా? వీళ్లందరి మధ్యా ఎప్పుడూ ఆగుతూ, సర్దుతూ, నవ్వుతూ ఉండే నన్నా?

“నువ్వు పో చెల్లె,” అన్నాడు అన్న చివరికి. “పోయి ఆన్ని తోల్కరా. నేను ఈడ కూసుంట.”

నేను తిండి సంచిలోంచి ఒక పొట్లం అతని చేతిలో పెట్టి సైకిల్ ఎక్కాను.

కాస్త దూరం చదును. ఆ తర్వాత దారి ఒక్కసారిగా కిందికి వంగింది. వీడియోలో చూసినదానికి ఏ పోలికా లేదు. ఎర్రమట్టిలో వాన కోసిన సన్నని గాడి, దాని అంచున ఎండు టేకాకులు, చక్రం కింద అవి పగిలే చప్పుడు. మొదటి మలుపులో భయమేసి బ్రేకు పట్టాను. రెండో మలుపులో సగం వదిలాను. మూడోదానికి చేతులు వాటంతట అవే తెలుసుకున్నాయి. ఎప్పుడు ఒంగాలో, ఎప్పుడు సీటు మీంచి లేవాలో ఒంటికి అర్థమైపోయింది. గాలి చెవుల్లో హోరెత్తుతోంది. నేను గట్టిగా ఏదో అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. ఆ అడవిలో నన్ను ఎవరివి నువ్వు, ఎవరింటిదానివి అని అడిగేవాళ్లు లేరు.

నాలుగు నిమిషాలు. మహా అయితే ఐదు.

మలుపు తిరిగేసరికి దారికి అడ్డంగా తమ్ముడి సైకిల్ పడి ఉంది. దాని పక్కనే అతను కూర్చుని ఉన్నాడు. రెండు బ్రేకులూ కలిపి పట్టేశాను. వెనక చక్రం జారి, మోకాలు మట్టికి రాసుకుని, పడకుండా ఆగాను.

“ఈడ ఎందుకు కూసున్నవ్? తొవ్వల ఎందుకు కూసున్నవ్?” అని అరిచాను.

అతను కుడిచేతిని ఎడమచేత్తో ఛాతీకి అదిమి పట్టుకున్నాడు. ముఖం తెల్లగా పాలిపోయింది. పదకొండు నుంచి అక్కడే ఉన్నాడట. గాడిలో ముందు చక్రం దిగబడి ఎగిరి భుజం మీద పడ్డాడు. నీళ్ల సీసా ఎటో దొర్లిపోయింది. లేచి నడవబోతే కళ్లు తిరిగాయట.

నీళ్లు తాగించాను. తాగిస్తూనే తిట్టాను. “రెండు ఇండ్లు ఓర్చుకోలేకపోయినవా? అందరం కలిసి వద్దామనే గద వచ్చింది? ఒక్కనివే పోయి పడ్డవ్. పంపు నీతాన, తిండి నాతాన. బుద్ధి లేదా నీకు?”

అతను నీళ్లు మింగి, నేల వైపు చూస్తూ అన్నాడు. “ఆ ఇంట్ల నాకు దేంట్ల ఇచ్చిండ్రో సూసినవా అక్కా?”

“ఏంది ఇచ్చింది?”

“చాయ్. మీకిద్దరికి స్టీల్ గ్లాసులు. నాకు ప్లాస్టిక్ కప్పు. మా నాయిన పేరు అడిగినంక లోపల్కి పోయి చెప్పొచ్చిండు ముసలాయన. నేను సూసిన.”

నేను ఆ అరుగు గుర్తుతెచ్చుకోవడానికి ప్రయత్నించాను. నా గ్లాసు గుర్తుంది, అంచు దగ్గర చిన్న సొట్ట. గడియారం గుర్తుంది. అతని చేతిలో ఏముందో ఎంత ప్రయత్నించినా గుర్తు రాలేదు. నేను చూడలేదు. అతని పక్కనే, జానెడు దూరంలో కూర్చున్నాను.

“లే. నడుస్తవా?” అన్నాను.

అతని సైకిల్‌ను పొదల వెనక్కి తోసి, నా సైకిల్ తోసుకుంటూ పైకి నడిచాం. నాలుగు నిమిషాలు దిగిన దారి ఎక్కడానికి గంట పట్టింది. ప్రతి పది అడుగులకూ అతను ఆగాడు. నేనూ ఆగాను. ఒక దగ్గర నాకు ఏడుపొచ్చింది. అతని భుజం కోసమా, ఆ కప్పు కోసమా, మిగిలిన దారి దిగనందుకా అని నన్ను నేను అడిగాను. మూడూ ఉన్నాయి. మూడోది కూడా ఉన్నందుకు సిగ్గేసింది. అయినా అది పోలేదు.

గేటు దగ్గర అన్న మమ్మల్ని చూసి పరుగెత్తుకొచ్చాడు. అంగీ విప్పి మడతపెట్టి తమ్ముడి చేయి మెడకు కట్టాడు. ఫోన్‌కు సిగ్నల్ దొరికేదాకా రోడ్డు మీద అటూ ఇటూ తిరిగి, దగ్గరి ఊళ్లో ఉన్న వాళ్ల బామ్మర్దిని ట్రాలీ ఆటో తీసుకుని రమ్మన్నాడు. నేను చపాతీలో గుడ్డుకూర చుట్టి తమ్ముడి ఎడమచేతికి అందించాను. ఆటో వచ్చేలోపు అన్న, “నీ సైకిల్ ఇయ్యి చెల్లె. వాని సైకిల్ జల్దీ తెస్త,” అని నా సైకిల్ ఎక్కి అడవిలోకి దిగిపోయాడు. ఆ దిగుడు మీద టేకాకుల చప్పుడు చాలాసేపు వినిపించింది. నేను చెట్టు కింద కూర్చుని దాన్ని వింటూ ఉన్నాను.

సంగారెడ్డిలో ఆసుపత్రికి పోయేసరికి నాలుగైంది. భుజం దగ్గరి ఎముక పగిలిందన్నారు. చేయి కదలకుండా ఆరువారాలు బెల్టు. లోపల బెల్టు కడుతుండగా, వరండాలో అన్న ఎక్స్‌రే కవరు పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు.

“అన్నా, ఆ పెద్దాయన ఇంట్ల తమ్మునికి ప్లాస్టిక్ కప్పుల ఇచ్చిండ్రు. నువ్వు సూసినవా?”

“సూసిన,” అన్నాడు.

“మరి?”

“పెండ్లి పిలుపుకు పోయి ఏమనాలె చెల్లె? ఆయన పెద్దమనిషి. ఆయన రాకుంటే ఇంకో పదిళ్లు రావు. నేను పరేషాన్ అయిన. ఎట్లనన్న జల్దీ లేవాలె అనుకున్న.”

“నువ్వు లేవలే. ఆడు లేసిండు.”

ఎక్స్‌రే కవరు అంచు గోటితో గీకుతూ, “నా తప్పే,” అన్నాడు.

“నాకెందుకు చెప్తవ్? లోపల ఉన్నడు. ఆనికి చెప్పు.”

“చెప్త,” అన్నాడు.

ఆరింటికి ఇంటికి చేరాను. బిడ్డ ఎగిరి మెడకు చుట్టుకుంది. అత్తమ్మ నా మోకాలి మీది మట్టి చూసి పసుపు తెచ్చింది. అది అద్దుతూ, “ఎట్లయినా అచ్చినవ్ గద. నేను రేపు పొద్దుగాల బస్సుకు పోత,” అంది. ఆదివారం నాకు మిగిలింది రెండు బకెట్ల బట్టలు, నీళ్ల ట్యాంకర్ దగ్గర లైను. మూడు నెలలుగా దాచుకున్న రెండు రోజులు అట్లా ఖర్చయ్యాయి.

పెండ్లికి నేను పోయాను. తమ్ముడు కూడా చేతికి బెల్టుతోనే వచ్చాడు. భోజనాల దగ్గర ఆ పెద్దమనిషి కనిపించాడు. నన్ను గుర్తుపట్టి, “సైకిల్ బిడ్డ గద,” అన్నాడు. తమ్ముడిని గుర్తుపట్టాడో లేదో తెలియదు. పట్టినట్టు మాత్రం కనిపించలేదు. నేను మళ్లీ నవ్వబోయి ఆపుకున్నాను. ఇంకేమీ చేయలేదు.

బెల్టు తీశాక ఒకరోజు షిఫ్టు దిగి కందిలో తమ్ముడి గదికి వెళ్లాను. సైకిల్ ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు వంగిపోతే, దాన్ని అన్న ప్లాంటు వర్క్‌షాపులో సరిచేసి, కొత్త రంగు కూడా వేసి తెచ్చి ఇచ్చాడట. సైకిల్ గోడకు ఆనించి ఉంది.

“అన్న ఏమన్న చెప్పిండా?” అని అడిగాను.

“ఏం చెప్తడు? వారానికి రెండుసార్లు వస్తడు. కూసుంటడు. టైర్ల గురించి మాట్లాడతడు, పోతడు. ఏదో చెప్పనీకి వచ్చినట్టే ఉంటది.” కాస్త ఆగి, “నేను అడగ. ఆయననే చెప్పాలె,” అన్నాడు.

“ఆ రోజు నేను సూడలేదు తమ్మీ. నిజంగా సూడలేదు.”

“తెలుసక్కా,” అన్నాడు. “అన్న సూసి ఊకున్నడు. అది నాకు కొత్త గాదు. నువ్వు సూడనే లేదు. నాకు ఎక్కువ మండింది అందుకే.”

క్షమించమని అడిగితే, అడగగానే అతను పర్వాలేదు అనాల్సివస్తుంది. ఆ బరువు కూడా అతని మీదే ఎందుకు వేయాలని ఊరుకున్నాను. ఊరుకోవడం సరైనదో కాదో ఇప్పటికీ తెలియదు.

కిటికీ బయట హైవే మీద లారీలు పోతున్నాయి. అతను లేచి, నయమైన చేయి ఎంతవరకు పైకి లేస్తుందో చూపించాడు. చెవి దాకా వచ్చి ఆగిపోయింది. “ఇంకో నెల అంటుండు డాక్టరు,” అన్నాడు. నేను ఆ చేయి మెల్లగా పట్టుకుని, అతను చాలన్నంతవరకు ఇంకొంచెం పైకి లేపాను.